చర్చ: నాజీల హత్యాకాండకు మూలం వాళ్ళ సౌందర్యదృష్టేనా?

తెల్లకాగితం:
స్వీడన్ దర్శకుడు పీటర్ కోహెన్ 1989లో తీసిన ‘ది ఆర్కిటెక్చర్ ఆఫ్ డూమ్’ డాక్యుమెంటరీని ఈ వారం మళ్ళీ చూశాను. లోకాన్ని అందంగా తీర్చిదిద్దాలన్న కోరికే నాజీలను హత్యాకాండ దాకా నడిపించిందన్నది దాని వాదన. మొదటిసారి చూసినప్పుడు ఇది సాగదీసిన మాటలా తోచింది. ఈసారి అలా తోచలేదు.

నా మనసు మార్చింది అందులో వచ్చే ఒక పోలిక. వాస్తుశిల్పి పౌల్ షుల్ట్సె-నౌమ్‌బుర్గ్ 1928లో ‘కళ, జాతి’ అనే పుస్తకం వేశాడు. ఒకవైపు ఆధునిక చిత్రకారులు గీసిన ముఖాలు, వాటి సరసనే వ్యాధులతో, అంగవైకల్యంతో ఉన్న మనుషుల ఫోటోలు. వ్యాఖ్యానం పెద్దగా అక్కర్లేదు, పేజీ తెరిచినవాడి చూపు అటూ ఇటూ తిరిగి పోలికను తానే కట్టుకుంటుంది. తిట్టింది బొమ్మనే అయినా, ఆ తిట్టుకు కొలబద్దగా నిలబెట్టింది రోగిని. అంటే రోగి మీద తీర్పు అప్పటికే అయిపోయిందన్నమాట. పదకొండేళ్ళ తరవాత మొదలైన టీ4 పథకంలో (మానసిక రోగులను, వికలాంగులను చంపడానికి నాజీలు నడిపిన పథకం అది), 1941 ఆగస్టు నాటికి, 70,000 మందికి పైగా రోగులను విషవాయువుతో చంపారు. ఈ రెంటికీ సంబంధం లేదని ఇప్పుడు అనలేకపోతున్నాను.

పాతబావి:
తెల్లకాగితం గారూ, పోలిక బలమైనదే కానీ దాని నెత్తిన మోయలేనంత బరువు పెడుతున్నారు. టీ4 ఎలా నడిచిందో చూడండి. ఆసుపత్రులకు ఫారాలు పంపి, రోగి జబ్బేమిటి, ఎన్నాళ్ళుగా ఉంటున్నాడు, ఏ పని చేయగలడు అని అడిగారు. నిర్ణయించే వైద్యులు రోగి ముఖం చూడకుండానే, ఆ ఫారం మీద ఎర్ర పెన్సిలుతో కూడిక గుర్తు వేస్తే చావు, నీలి పెన్సిలుతో తీసివేత గుర్తు వేస్తే బతుకు. ఇందులో అందమెక్కడ, అనాకారితనమెక్కడ? ఉన్నదల్లా పని, ఖర్చు, పడకలు. హిట్లర్ ఈ పథకానికి అనుమతిస్తూ రాసిన కాగితం మీద సంతకం అక్టోబరులో చేసినా, తేదీ మాత్రం యుద్ధం మొదలైన 1939 సెప్టెంబరు 1 అని వేశాడు. యుద్ధకాలపు పొదుపు అన్న సాకు ఆ తేదీలోనే ఉంది.

ఇక అభిరుచి సంగతి. చిత్రకారుడు ఎమిల్ నోల్డె నాజీ పార్టీ సభ్యుడు, యూదుద్వేషి. అయినా ఆధునిక కళ అంటే గిట్టని నాజీలు మ్యూజియంల నుంచి తీసేసిన అతని రచనలు వెయ్యికి పైగా ఉన్నాయి. ఇంకెవరివీ అన్ని లేవు. అయితే అతన్ని ఎవరూ చంపలేదు, 1941లో వృత్తిగా చిత్రించడాన్ని నిషేధించారు, అంతే. బొమ్మ మీద అసహ్యమే మనిషిని చంపించేదైతే నోల్డె బతికి ఉండకూడదు.

మునిమాపు:
ఇద్దరూ డబ్బును ఒక గదిలో, అందాన్ని ఇంకో గదిలో పెట్టి తలుపులు వేస్తున్నారు. 1937 జులై 18న మ్యూనిక్‌లో ‘జర్మన్ కళా భవనం’ తెరిచారు. మరునాడే, అక్కడికి నడిచి వెళ్ళేంత దూరంలో, ‘భ్రష్ట కళ’ ప్రదర్శన తెరిచారు. ఆధునిక కళకు నాజీలు అంటించిన పేరు అది. దాదాపు 650 రచనలను ఇరుకు గదుల్లో కుక్కారు, గోడల నిండా ఎగతాళి రాతలు. ప్రవేశం ఉచితం, ఒక్క మ్యూనిక్‌లోనే ఇరవై లక్షల మందికి పైగా చూశారు.

నాకు ముఖ్యమనిపించేది బొమ్మల పక్కన అంటించిన ధరలు. ద్రవ్యోల్బణపు రోజుల్లో మ్యూజియంలు కొన్న బొమ్మలకు ఆనాటి విలువ పడిపోయిన కాగితపు మార్కుల (జర్మన్ కరెన్సీ) అంకెలనే, లక్షల్లో, ఏ వివరణా లేకుండా పెట్టి, ఇదంతా పన్ను కట్టే శ్రమజీవుల సొమ్మని రాశారు. అదే కాలంలో బడిపిల్లల లెక్కల పుస్తకాల్లో ఒక మానసిక రోగికి రోజుకు ఎంత ఖర్చు, ఆ సొమ్ముతో ఎన్ని ఇళ్ళు కట్టవచ్చు అన్న తరహా ప్రశ్నలు వేశారు. చూడండి, బొమ్మకు అంటించిన చీటీ, మనిషికి అంటించిన చీటీ ఒకే చేతిరాతలో ఉన్నాయి: ‘చూడలేం, పైగా దీనికి డబ్బు కూడా మనమే కట్టాలా?’ పాతబావి గారు చెప్పిన ఫారంలో ముఖం లేకపోవడానికి కారణం, ముఖం చూపించే పని అప్పటికే పూర్తయిపోవడం. 1937లో, రోగులను భయం పుట్టేలా చిత్రించిన ప్రచారచిత్రాన్ని దేశమంతటా సినిమా హాళ్ళలో వేయించారు.

తెల్లకాగితం:
మునిమాపు గారి మాటతో నా వాదనను సవరించుకుంటున్నాను. అందం ‘నడిపించింది’ అనడం కంటే, లెక్క సిగ్గు లేకుండా వేసుకునే వీలు కల్పించింది అనడం సబబు.

నోల్డె పక్కన ఇంకొక పేరు పెట్టి చూడండి. ఎల్‌ఫ్రీడె లోజె-వెష్ట్లర్ డ్రెస్డెన్ చిత్రకారిణి. 1929లో హాంబుర్గ్ మానసిక చికిత్సాలయంలో ఉన్నప్పుడు తోటి రోగుల ముఖాలు గీసింది. అవి భయపెట్టవు, అలసిపోయి కునుకుతున్న మనుషులు, అంతే. షుల్ట్సె-నౌమ్‌బుర్గ్ పేజీకి ఇంతకన్నా జవాబు లేదు. 1935లో ఆమెకు బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్స చేశారు, ఆ తరవాత ఆమె బొమ్మలు వేయలేదు. 1940 జులై 31న టీ4 హత్యాకేంద్రమైన పిర్నా-జోన్నెన్‌స్టైన్‌లో ఆమెను చంపారు.

పాతబావి:
ఆమెను చంపింది చిత్రకారిణి అని కాదు, రోగి అని. అక్కడ నా మాట నిలుస్తుంది. కానీ చీటీల సంగతి ఒప్పుకుంటున్నాను, అది నాకు తట్టలేదు.

నా అసలు భయం ఇంకొకటి. ఇదంతా వియన్నా కళా అకాడమీ రెండుసార్లు కాదన్న చిత్రకారుడు హిట్లర్ కల అంటూ కథ చెబితే నేరం ఒక్క మనిషి కుంచెకు చుట్టుకుంటుంది. టీ4 వైద్య విభాగానికి అధిపతిగా ఉన్న వెర్నర్ హైడె విశ్వవిద్యాలయ ఆచార్యుడు. యుద్ధం తరవాత మారుపేరుతో జర్మనీలోనే వైద్యం చేస్తూ, కోర్టులకు నిపుణుడిగా నివేదికలు రాసిపెడుతూ, 1959 దాకా దర్జాగా బతికాడు. అతను ఏ శిల్పం చూసి పరవశించి ఆ ఎర్ర గుర్తులు వేశాడో ఎవరైనా చెబితే వింటాను.