ఐస్‌క్రీం కథలో ఐస్‌క్రీం కరగాలా, వద్దా?

పాలపిట్ట:
మా ఆరేళ్ల పాపకి రోజూ పడుకునే ముందు కథ కావాలి, అదీ ఐస్‌క్రీం మీదే. నిన్న చెప్పింది ఇది: కోన్‌లోంచి దూకి పారిపోయిన ఓ ఐస్‌క్రీం ముద్ద మబ్బెక్కి సూర్యుడి దగ్గరికెళ్లి, షేక్‌హ్యాండ్ ఇచ్చి తిరిగొచ్చేస్తుంది. పాప లేచి కూర్చుని "మరి కరిగిపోలేదేం?" అంది. కథలో కరగదమ్మా అంటే ఒప్పుకోదు. ఇక నిద్రా లేదు, పాడూ లేదు. ఊహాకథకి కూడా ఇన్ని లెక్కలు చెప్పాలా? నా మట్టుకు అక్కర్లేదు.

చీమలదండు:
చెప్పాలి. నేను పాప పక్షం. కరగనప్పుడు అది ఐస్‌క్రీం ఎందుకు, బంతిని పెట్టినా అదే కథ. దీంట్లో నవ్వంతా కరగడంలోనే ఉందండీ. ముద్దగారు ఠీవిగా టోపీ పెట్టుకుని బయల్దేరతారు. మలుపు తిరిగేసరికి టోపీ కళ్ల మీదికి జారుతుంది. ఇంకాస్త దూరం పోయాక మెడ దాకా. చివరికి దారిలో టోపీ ఒక్కటే నడిచిపోతూ ఉంటుంది. టెన్షన్ కూడా అక్కడే.

పాలపిట్ట:
టోపీ ఒక్కటే మిగిలితే మా పాప ఏడుస్తుంది. రాత్రి పదింటికి ఓదార్చేది మీరు కాదుగా!

చీమలదండు:
ఫ్రీజర్‌లో పెట్టి లేపండి. కాకపోతే కరిగి మళ్లీ గడ్డకట్టినదాంట్లో గాలి తగ్గిపోతుంది, మంచు పలుకులు పెద్దవై నాలుకకి గరగరలాడతాయి. కాబట్టి ముద్దగారు బతికొస్తారు గానీ గొంతు బొంగురుపోయి ఉంటుంది. ఆ గొంతుతో మీరు మాట్లాడి చూడండి, ఏడుస్తుందేమో.

బడిగంట:
ఇదంతా బాగానే ఉంది. చివర్లో "ఎక్కువ తింటే పళ్లు పుచ్చిపోతాయి" అని ఒక నీతి ఉండొద్దా?

చీమలదండు:
పళ్లు తోమించేటప్పుడు చెప్పండి. కథలో వద్దు.

ఉప్పుగల్లు:
నిజాల్లోనే బోలెడు కథలున్నాయి, వదిలేస్తారెందుకు? చాలా ఐస్‌క్రీంలలో దాదాపు సగం గాలే. అంటే ముద్దగారు గట్టిగా తుమ్మితే సగమైపోవచ్చు. ఇంకోటి: 1843లో నాన్సీ జాన్సన్ పేటెంట్ తీసుకున్న చేతితో తిప్పే మెషిన్ లాంటివాటిలో బయటి తొట్టి నిండా ఐసూ ఉప్పూ పోస్తారు. ఉప్పు తగిలిన ఐసు కరుగుతూ, లోపలి పాలలోని వేడిని లాగేసుకుంటుంది. బయటివాడు కరిగితేనే లోపలివాడు గడ్డకడతాడన్నమాట. ఒకే తొట్టిలో ఉండే ఇద్దరు అన్నదమ్ములకి ఇంతకన్నా పెద్ద తగువేం కావాలి?

తోకచుక్క:
ఉప్పుగల్లు గారూ, అన్నదమ్ముల కథ మాత్రం నా కథల్లోకి కొట్టేస్తున్నాను. కానీ సైన్స్ తప్పనిసరి అంటే ఒప్పుకోను. కథకి ఒక్క అబద్ధం చాలు, అది ముందే చెప్పేయాలి, ఆ తర్వాత దానికి కట్టుబడాలి. "ఆ రోజు సూర్యుడికి జ్వరం తగ్గి ఒళ్లు చల్లబడింది" అనండి. అక్కణ్నుంచి అంతా సక్రమంగా నడవాలి. ముద్దని చూసి ఆశపడి గుటుక్కున మింగేశాడు. చల్లదనం అంగిలికి తగిలితే నొప్పి నుదుట్లో వస్తుంది కదా, సూర్యుడికీ అంతే. రెండు చేతులతో మొహం మూసుకుని కూర్చున్నాడు. కింద జనమంతా గ్రహణం అనుకున్నారు.

చీమలదండు:
ఓడిపోయాను. గ్రహణం నాకు తట్టలేదు.

పాలపిట్ట:
గ్రహణం కథ ఇందాకే చెప్పాను. ఒప్పుకున్నానని సంబరపడకండి, కరగని ముద్ద కథ నాకిప్పటికీ ఇష్టమే. పాప మొదట పడీ పడీ నవ్వింది. దుప్పటి కప్పుకుంది. లైటు తీసేశాను. రెండు నిమిషాల తర్వాత చీకట్లోంచి: "అమ్మా, సూర్యుడికి అంగిలి ఎక్కడుంటుంది?"