పత్రికొక్కటున్న... ఏ 'ఒక్కటి'?

(మాట్లాడేవాళ్లను వాళ్ల పేటల పేర్లతోనే పిలుద్దాం.)

గవర్నర్‌పేట: పత్రికా సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావు గారి ఆటవెలది బుర్రలో తిరుగుతోంది. "పత్రికొక్కటున్న పదివేల సైన్యము." అమెరికాలో 1951 నాటి లొరెయిన్ జర్నల్ తీర్పు మీద మా లా కాలేజీ సంచికకు రాస్తున్నాను. ఒహైయోలోని లొరెయిన్ ఊరికి దినపత్రిక అదొక్కటే. కొత్తగా వచ్చిన రేడియోకి ప్రకటనలిచ్చే కొట్లవాళ్లవి తాను వేయనంది. అది గుత్తాధిపత్య ప్రయత్నమేనని సుప్రీంకోర్టు తేల్చింది. వ్యాసం పైన ఈ పాదం పెడదామంటే అనుమానం: ఒక్కటైనా ఉంటే అనా, ఒక్కటే ఉంటే అనా? రెండోదైతే నా వ్యాసానికే ఎదురు తిరుగుతుంది. పైగా మా నాన్నగారు 'పత్రిక యొకటున్న' అని చదివేవారు.

బ్రాడీపేట: యడాగమం, అంటే మధ్యలో ఆ 'య' పెడితే గణం చెడుతుంది.

సత్యనారాయణపురం: ఎక్కడ చెడింది మాస్టారూ? పత్రి-కయొక-టున్న. గలం (గురువు, లఘువు), నగణం (మూడు లఘువులు), గలం. మూడూ సూర్యగణాలే. 'యొక్కటున్న' అంటేనే తంటా.

బ్రాడీపేట: సరే, గణం నిలిచింది. నడక మాటేమిటి? 'పత్రికొక్కటున్న' అంటుంటే గుర్రపు డెక్కల చప్పుడు వినిపిస్తుంది. వెనకే సైన్యం. రెండో పాదం "పత్రికొక్కటున్న మిత్రకోటి" చూడండి, ఐదూ గలాలే.

లబ్బీపేట: ఆ పాదంలో ప-మి యతి కుదరదని ఒకాయన నాతో వాదానికి దిగారు. పత్రి-మిత్ర ప్రాసయతి అండీ, మొదటి అక్షరాలు కాదు, రెండో అక్షరాలు కలవాలి! ఆటవెలదికి చెల్లుతుంది.

అరండల్‌పేట: నాకు 'గుత్తాధిపత్యం' దగ్గరే పేచీ. చెరువు గుత్త, తోట గుత్త అంటే డబ్బు కట్టి తీసుకునేది. ఆ పత్రిక ఎవరికి కట్టింది? ఇంటర్ ఎకనామిక్స్‌లో చదివిన 'ఏకస్వామ్యం' నయం.

సత్యనారాయణపురం: నిజమంతా వాళ్లకే గుత్తకిచ్చినట్టు మాట్లాడతారని అనమూ? ఉండనివ్వండి.

లబ్బీపేట: అసలు ప్రశ్నకు వద్దాం. 1960లో మన బెజవాడలోనే ఆంధ్రజ్యోతి మొదలైతే తొలి సంపాదకుడు నార్ల వారే. అంతకుముందు ఆంధ్రప్రభలో పనిచేసి వచ్చారు. ఉన్నవాటి పక్కన ఇంకోదాన్ని నిలబెట్టినాయన 'ఒక్కటే చాలు' అంటారా?

బ్రాడీపేట: జీవితచరిత్ర తెచ్చి పద్యానికి అర్థం చెప్పకండి. పదివేలకు ఎదురుగా నిలబెట్టిన ఒక్కటి అది. ఊనిక అంకె మీదే.

గవర్నర్‌పేట: అలా చూస్తే లొరెయిన్ పత్రికా సైన్యమే. ఊళ్లో నూటికి 99 ఇళ్లకు వెళ్లేదట.

సత్యనారాయణపురం: మిత్రకోటి మాత్రం కాదు. ప్రకటనలు పోయిన కొట్లవాళ్లనడగండి.

అరండల్‌పేట: ఇంతకీ ఈ పద్యానికి మకుటం 'వాస్తవమ్ము నార్ల వారి మాట'నా, 'నవయుగాల బాట నార్ల మాట'నా?

బ్రాడీపేట: మొదటిదే.

లబ్బీపేట: పుస్తకం చూసి చెబుతున్నారా, నోటికొచ్చింది చెబుతున్నారా మాస్టారూ?