హ్యారీ పాటర్ రెండో గేమ్: నేను ఆడిందీ, బావ ఆడిందీ ఒకటేనా?

పంటు_రేవు

అందరికీ నమస్కారం. ఇది సంక్రాంతి నుంచి మా ఇంట్లో నడుస్తున్న గొడవ. ఇక్కడ పాత గేముల సంగతి తెలిసినవాళ్ళు ఉన్నారని తెచ్చి పెడుతున్నా.

గేమ్ పేరు హ్యారీ పాటర్ అండ్ ద ఛాంబర్ ఆఫ్ సీక్రెట్స్, హాగ్వార్ట్స్ అనే మంత్రాల బడిలో చదివే హ్యారీ కథల్లో రెండోది. 2002లో సినిమాతో పాటే వచ్చింది. మాది సఖినేటిపల్లి వైపు. వేసవిలో కాలువలు కట్టేశాక ఈతకి కూడా దిక్కుండేది కాదు, అందుకని పంటు ఎక్కి నరసాపురం పోయి నెట్ సెంటర్‌లో గంటకింతని కట్టి ఆడేవాళ్ళం. నాకు బాగా గుర్తున్నది ఏంటంటే, మొదట్లోనే ఎగిరే కారు పోయి ఆ కొట్టే చెట్టుకి గుద్దుకుంటుంది, అక్కణ్ణుంచే ఆట మొదలు. తర్వాత కోటలో క్లాసులు, ఒక్కో క్లాసులో ఒక మంత్రం నేర్పి ఆ మంత్రంతో దాటాల్సిన ఛాలెంజ్‌లోకి తోస్తారు, గోడల వెనక రహస్య గదులు, రంగురంగుల బీన్స్, కార్డులు. చీపురు మాత్రం క్విడిచ్‌లో (చీపుర్లెక్కి గాల్లో ఆడే ఆట) తప్ప ముట్టుకోనివ్వరు.

మా బావది భీమవరం. వాళ్ళ పెదనాన్నగారబ్బాయి దుబాయ్ నుంచి పీఎస్2 (ప్లేస్టేషన్ 2) తెస్తే దాంట్లో ఆడాడట. ఆయన చెప్పేది వింటే, గేమ్‌లో ముందు హ్యారీ స్నేహితుడు రాన్ వాళ్ళింటికే వెళ్తాం, తోటలో గ్నోమ్‌లనే మరుగుజ్జు జీవుల్ని పట్టుకుని గిరగిరా తిప్పి విసరాలి, చీపురెక్కి కోట చుట్టూ మన ఇష్టం వచ్చినట్టు తిరగొచ్చు. నేను అలాంటిది లేనే లేదన్నా. నువ్వు ఆడింది దొంగ సీడీ, సగం గేమే అందులో ఉండి ఉంటుంది అని ఆయన. తాపేశ్వరం కాజాల మీద పందెం కూడా పడింది.

ఇంకో సంగతి. మా అక్క కూతురు ఆరో తరగతి, రెండో పుస్తకం ఇప్పుడే పూర్తి చేసింది. యూట్యూబ్‌లో చూసి హాగ్వార్ట్స్ లెగసీ అనే కొత్త గేమ్ కావాలంటోంది. ఇంట్లో ఉన్నది గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు లాప్‌టాప్, విండోస్ 10. ఆ పాత గేమే దీంట్లో ఆడిద్దామా అని చూస్తున్నా. ఇప్పటి పిల్లలకి అది ఎక్కుతుందంటారా?

అంబాజీపేట_పొట్టిక్క

ఇద్దరూ నిజమే చెబుతున్నారండి. పేరు ఒకటే, డబ్బా మీద బొమ్మ కూడా ఇంచుమించు ఒకటే, కానీ లోపల ఉన్నవి వేరు వేరు ఆటలు. ఈఏ కంపెనీ వాళ్ళు ఆ లైసెన్స్ తీసుకుని ఒక్కో మెషీన్‌కి ఒక్కో టీమ్‌కి పని అప్పగించారు. పీసీది నోవండర్ అనే స్టూడియో చేసింది, అన్‌రియల్ ఇంజిన్ అనే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మీద. పీఎస్2, ఎక్స్‌బాక్స్, గేమ్‌క్యూబ్‌లది యూరోకామ్ చేసింది. పాత ప్లేస్టేషన్‌ది ఆర్గొనాట్. చేతిలో పట్టుకునే గేమ్ బాయ్ కలర్‌లో వచ్చిందైతే గ్రిప్టొనైట్ చేసిన టర్న్ ప్రకారం కొట్టుకునే ఆట, దానికీ మీ నెట్ సెంటర్ గేమ్‌కీ కథ తప్ప ఏ సంబంధమూ లేదు. అందరికీ ఒకే గడువు, సినిమా వచ్చే నవంబర్. ఎవరి తంటాలు వాళ్ళు పడ్డారు.

మీ బావగారు చెప్పిన గ్నోమ్‌లు, కోట చుట్టూ చీపురు మీద షికారు, అవన్నీ యూరోకామ్ వాళ్ళవి. రాత్రిపూట పక్క మీంచి లేచి కారిడార్లలో ప్రిఫెక్ట్‌లకి (బడి లీడర్లకి) దొరక్కుండా నక్కి నక్కి తిరగడం కూడా దాంట్లో చాలా ఉంటుంది, దొరికితే పాయింట్లు పోతాయి. నడక కూడా తేడాయే. పీఎస్2లో అంచుదాకా పరిగెత్తితే హ్యారీ వాడంతట వాడే దూకుతాడు, పీసీలో దూకడం మన చేతిలోనే ఉంటుంది, గుంటలో పడితే తప్పు మనదే.

ఇంకో వింత చెబుతాను. పీఎస్2 మీద మొదటి కథ, అదే ఫిలాసఫర్స్ స్టోన్, రెండోదాని తర్వాత వచ్చింది. పీసీకి 2001లోనే వచ్చేసింది, పీఎస్2కి మాత్రం 2003లో, అదీ వార్థాగ్ అనే ఇంకో స్టూడియో చేతుల మీదుగా. అంటే మీ బావగారిలాంటి వాళ్ళు రెండో ఏడాది చదివేసి మళ్ళీ మొదటి ఏడాదిలో చేరారన్నమాట.

కాజాలు చెరి సగం కొనుక్కోండి.

భీమవరం_బుల్లోడు

ఆ బావని నేనే. లింక్ మా ఆవిడ పంపింది.

చెరి సగం ఏంటండీ, చీపురు లేదన్నాడు వాడు. ఉంది. బామ్మర్దీ, పెట్టె పెద్దది పంపు.

కడియం_మొక్క

పందెం సంగతి మీరు మీరు చూసుకోండి గానీ, నాకు అసలు ఈ గేమ్ మీదే అభ్యంతరం ఉంది. పుస్తకం 1998లో వచ్చింది, నేను కాలేజీలో ఉండగా చదివాను. అది అచ్చంగా డిటెక్టివ్ కథ. గోడ మీద ఆ రాత ఎవరు రాశారు, హ్యారీకి ఒక్కడికే వినపడే ఆ గొంతు ఎవరిది, డైరీ ఎవరిది, ఏభై ఏళ్ళ కిందట చచ్చిపోయిన అమ్మాయి ఎవరు, ఇవన్నీ ఒక్కొక్క చిక్కుముడీ విప్పుకుంటూ పోవడంలోనే మజా అంతా. చివరిదాకా హ్యారీ కర్ర ఊపి సాధించింది చాలా తక్కువ, ఆలోచించి సాధించిందే ఎక్కువ. గేమ్‌లో ఆ ఆలోచించే పని ఒక్కటి కూడా మన చేతికి ఇవ్వలేదు. కీలకమైనవన్నీ మధ్యలో వచ్చే వీడియో ముక్కల్లో వాళ్ళే చెప్పేస్తారు. మనకి మిగిలింది బల్లల మీంచి దూకడం, బీన్స్ ఏరుకోవడం.

మంత్రాలు కూడా చూడండి. ఫ్లిపెండో అని ఆటంతా కొడుతూ ఉంటాం కదా, అది పుస్తకాల్లో ఎక్కడా లేదు, గేమ్ వాళ్ళు పుట్టించింది. స్కర్జ్, స్పాంజిఫై అంతే. డిఫిండో పుస్తకాల్లో ఉంది గానీ నాలుగో దాంట్లో కనిపిస్తుంది. అరగాగ్ అనే పెద్ద సాలీడు దగ్గర అయితే పుస్తకంలో హ్యారీ, రాన్ ఇద్దరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంటే ఆ పాత కారు వచ్చి కాపాడుతుంది, ఆ సీన్‌లో భయమంతా పారిపోవడంలోనే ఉంది. గేమ్‌లో అదే సాలీడు బాస్ ఫైట్ అయిపోయింది. పన్నెండేళ్ళ పిల్లాడు దాంతో తలపడి గెలుస్తాడు! పుస్తకం ఇష్టపడి చదివిన పిల్లకి ఇది చూపిస్తే అయ్యో ఇంతేనా అనిపించదా?

యానాం_వంతెన

మొక్కగారూ, మీరు చెప్పిన ఒక్కో విషయం కరెక్టే గానీ చివర్లో తేల్చింది మాత్రం నేను ఒప్పుకోను. పుస్తకం అయిపోయిన పిల్లకి డైరీ ఎవరిదో ముందే తెలుసు. ఆ చిక్కుముడి మళ్ళీ ఆమె చేతికి ఇచ్చి విప్పమంటే ఏం విప్పుతుంది? ఆమెకి కావాల్సింది ఆ బడి. మెట్లు ఎటు పోతాయి, గ్రీన్‌హౌస్ ఎక్కడుంది, ఆ బొమ్మ వెనక ఏముంది, అదంతా తన కాళ్ళతో తిరిగి చూడటం. నోవండర్ వాళ్ళు పట్టుకున్నది సరిగ్గా అదే. ఏ గోడ ముందు నిలబడినా ఓ మంత్రం వేసి చూద్దాం అనిపిస్తుంది, సగం సార్లు నిజంగానే ఏదో తెరుచుకుంటుంది. మొత్తం 101 విజార్డ్ కార్డులు ఉంటాయి, కొన్ని గదుల్లో దాచారు, కొన్ని కారిడార్లో నిలబడ్డ పిల్లల దగ్గర బీన్స్ ఇచ్చి కొనుక్కోవాలి. హౌస్ పాయింట్లలో హ్యారీ జట్టు గ్రిఫిండర్ ముందుంటే బీన్స్ నిండిన గదిలోకి వదులుతారు, ఆ కాసేపు ఏరుకున్నవాళ్ళకి ఏరుకున్నంత. మన తెలుగు బళ్ళో చదివిన నాకు హౌస్ పాయింట్లంటే ఏంటో ఆ గేమే నేర్పింది.

ఇక కొత్త మంత్రాలు పుట్టించారంటారా, పుట్టించక ఏం చేస్తారండి. రెండో పుస్తకంలో హ్యారీ చేతికొచ్చిన మంత్రాలు ఓ నాలుగు కూడా ఉండవు, ఎదుటివాడి దండం ఊడగొట్టే ఎక్స్‌పెలియార్మస్ ఒక్కదాంతో ఆట మొత్తం ఎలా నడుపుతారు? బంకని కడిగేదొకటి, తీగెలు తెంపేదొకటి, నేల మీద వేస్తే పైకి ఎగరేసేదొకటి, ప్రతిదానికీ ఒక పని పెట్టారు. ఒకటి నేర్చుకున్నాక ఇంతకుముందు వదిలేసిన గదికి వెనక్కి పోవాలనిపిస్తుంది చూడండి, అది పుస్తకం ఇవ్వలేనిది. పైగా పుస్తకంలో ఉన్న మంచి ఘట్టం ఒకదాన్ని అచ్చంగా ఆటగా మార్చారు కూడా, గోయల్ అనే పిల్లాడి వేషంలో ఎదుటి జట్టు స్లిథరిన్ వాళ్ళ గదికి పోయే భాగం. అక్కడ దొరికిపోతామేమోనన్న టెన్షన్ నాకు పుస్తకంలో కంటే గేమ్‌లోనే ఎక్కువ వచ్చింది.

సంగీతం గురించి ఎవరూ మాట్లాడరేంటి. జెరెమీ సోల్. అదే 2002లో మొరోవిండ్ గేమ్‌కి చేసినాయనే, 2011లో స్కైరిమ్ గేమ్‌కీ ఆయనే. సినిమా ట్యూన్ తీసుకుని తిప్పి వాడలేదు, వేరేగా చేశాడు. కోటలో ఊరికే నిలబడి వినొచ్చు.

అరగాగ్ విషయంలో మాత్రం మీతోనే ఉన్నా.

కడియం_మొక్క

కోట తిరగడం వరకు ఒప్పుకుంటాను. గోయల్ భాగం కూడా బాగుంటుంది, ఆ లెక్కన గేమ్ మొత్తం అలాగే తీసి ఉంటే నాకు ఈ గోలే ఉండేది కాదు. వాళ్ళకి పుస్తకం అర్థమైందనడానికి అదే సాక్ష్యం, అందుకే మిగతాచోట్ల కోపం ఇంకా ఎక్కువ వస్తుంది.

ద్రాక్షారామం_రిపేరు

లాప్‌టాప్ సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతా. నాది కంప్యూటర్ రిపేరు షాపే.

ముందు హాగ్వార్ట్స్ లెగసీ మర్చిపోండి. 2023 గేమ్ అది, 85 జీబీ జాగా అడుగుతుంది, గ్రాఫిక్స్ కార్డు లేకుండా ఆ లాప్‌టాప్‌లో స్లైడ్ షో చూసినట్టు ఉంటుంది. పైగా అది ఏ పుస్తకం కథా కాదు, 1890లలో జరుగుతుంది, హ్యారీ ఉండడు, రాన్ ఉండడు. పుస్తకం చదివి వాళ్ళని వెతుక్కునే పిల్లకి అది ఇప్పుడే ఎందుకు, రేటింగ్ కూడా టీనేజీ వాళ్ళకని ఇచ్చారు.

పాత పీసీ గేమ్‌కి ఆ లాప్‌టాప్ బలం చాలు, కష్టమంతా వేరేచోట. ఇది స్టీమ్‌లోనో ఇంకెక్కడో డౌన్‌లోడ్‌కి అమ్మరు, సెకండ్ హ్యాండ్ డిస్క్ వెతుక్కోవాలి. ఫ్రీ అని ఊరించే సైట్ల జోలికి పోకండి, వాటితో వైరస్ ఎక్కించుకుని నా దగ్గరికి తెచ్చేవాళ్ళు ఎంతమందో. డిస్క్ దొరికాక, లాప్‌టాప్‌కి డ్రైవ్ ఉండదు కాబట్టి యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి కావాలి. ఆ కాలం సీడీ గేముల్లో చాలావాటికి సేఫ్‌డిస్క్ అనే తాళం ఉండేది. దాని డ్రైవర్‌ని విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ తీసేసింది, 2015లోనే విండోస్ విస్టా, 7, 8లకి కూడా అప్‌డేట్‌తో ఆపేసింది. అందుకే ఇన్‌స్టాల్ చక్కగా అవుతుంది, ఐకాన్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. లాప్‌టాప్ పాడైంది అనుకుని కంగారుపడొద్దు. మీ షెడ్డులో విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటర్ డబ్బా ఏదైనా ఉంటే దులిపి పెట్టండి, అన్నింటికంటే తేలిక దారి అదే.

లాప్‌టాప్‌లోనే కావాలంటే అభిమానులు చేసిన ప్యాచ్‌లు ఉన్నాయి. డీజీవూడూ అనే చిన్న ప్రోగ్రాం పాత డైరెక్ట్‌ఎక్స్ పిలుపుల్ని కొత్తవాటికి మారుస్తుంది, రంగులు పోవడం, తెర మిణుకుమనడం దాంతో చాలావరకు సర్దుకుంటాయి. గేమ్‌ని ప్రోగ్రాం ఫైల్స్‌లో కాకుండా విడిగా ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. ఫ్రేములు సెకనుకి 60కి కట్టేయండి, లేకపోతే ఆ పాత ఇంజిన్‌కి వేగం ఎక్కువై దూకుళ్ళు తేడా కొడతాయి. చుట్టుపక్కల నల్ల పట్టీలు వస్తే రానివ్వండి, అప్పటి మానిటర్లు చదరంగా ఉండేవి, సాగదీస్తే హ్యారీ లావెక్కిపోతాడు.

సేవ్ గురించి పాపకి ముందే చెప్పండి. ఇప్పటి గేముల్లా ఎక్కడ ఆపితే అక్కడ ఉండదు, గాల్లో తిరిగే పుస్తకం కనిపించినచోటే సేవ్ అవుతుంది.

పంటు_రేవు

ఆ పుస్తకం సంగతి చెప్పాలా సార్, ఛాలెంజ్ చివర్లో ఉండగా కరెంటు పోతే నెట్ సెంటర్ మొత్తం ఒకేసారి ఓ అని అరిచేది.

చాలా థాంక్స్ అందరికీ. మా పిన్నిగారింట్లో పాత డబ్బా ఒకటి ఉంది, ఎక్స్‌పీయే అనుకుంటా, ఆదివారం పోయి చూస్తా. బావా, నువ్వు ఇక్కడ సమాధానం చెప్పే బదులు అక్కకి ఫోన్ ఇవ్వు. ఒక్క సందేహం మిగిలింది. పాపకి సాలీళ్ళంటే మహా భయం, పుస్తకంలోనే ఆ అధ్యాయం పేజీలు వేళ్ళతో మూసుకుని చదివింది. పీసీ గేమ్‌లో ఆ భాగం దాటేసే వీలుందా?

యానాం_వంతెన

లేదండి, అడవి భాగం కథలో తప్పనిసరి. చిన్నవి గుంపులుగా వస్తాయి, తర్వాత పెద్దది. ఆ ఒక్క లెవెల్ మీరు ఆడిపెట్టి, అవతల వచ్చే పుస్తకం దగ్గర సేవ్ చేసి సీటు ఆమెకి ఇచ్చేయండి. చివర్లో పాము ఉంటుంది, దానికి భయపడదు కదా?

పంటు_రేవు

పాములా? లంకలో పుట్టిన పిల్లండి.