స్విఫ్ట్‌కి 165 టైర్లు తీసేసి 195 వేయించవచ్చా?

ఖమ్మం స్విఫ్ట్:
అన్నలూ, నాది స్విఫ్ట్ వీఎక్స్ఐ. బండితో వచ్చినవి 165/80 ఆర్14 టైర్లు, అంటే వెడల్పు 165 మి.మీ., రిమ్ము 14 అంగుళాలు. స్టీల్ రిమ్ము మీద 14 × 5జె అని ఉంది. టైర్లు బాగా అరిగాయి. సూర్యాపేట రోడ్డులో వాన పడుతున్నప్పుడు బ్రేకు వేస్తే బండి జారుతోంది. ఇక్కడి షాపులో 195/60 ఆర్14 వేయించుకో, రోడ్డుని బాగా పట్టుకుంటుంది, ఇదే రిమ్ముకి ఎక్కుతుంది అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. వేయించనా?

టైర్ షాపు, గుంటూరు:
వద్దు తమ్ముడూ. ఎక్కడమైతే ఎక్కుతుంది, గాలీ నిలుస్తుంది. కానీ 195/60 ఆర్14కి రిమ్ము వెడల్పు కనీసం ఐదున్నర అంగుళాలు ఉండాలి. నీది 5. ఇరుకు రిమ్ముకి వెడల్పు టైరు ఎక్కిస్తే పక్కలు ఉబ్బుతాయి, బరువంతా నడిమి రబ్బరు మీద పడి అదే ముందు అరుగుతుంది. మలుపులో స్టీరింగ్ తిప్పాక బండి ఆలస్యంగా తిరుగుతుంది.

ఎత్తు కూడా లెక్క వేసుకో. 60 అంటే టైరు పక్క ఎత్తు వెడల్పులో 60 శాతం. నీ పాత టైరు మొత్తం ఎత్తు సుమారు 620 మి.మీ., వాళ్లు చెప్పింది 590. బండి 15 మి.మీ. కిందికి దిగుతుంది. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లకి అడుగు తగులుతుంది. మీటరు 100 చూపిస్తుంటే నువ్వు వెళ్లేది 95.

వెడల్పు కావాలనే ఉంటే 185/70 ఆర్14 చూడు. నాలుగున్నర నుంచి 6 అంగుళాల రిమ్ము దాకా దానికి సరిపోతుంది, ఎత్తు 615. సైజు పక్కనే లోడ్ నంబరు ఉంటుంది. 85 అంటే ఒక్కో టైరు మోయగలిగే బరువు 515 కిలోలు, 88 అంటే 560. నీ పాతదాని మీద ఉన్న నంబరు కంటే తక్కువది మాత్రం తీసుకోకు.

వానలో జారుతున్నది 165 కాబట్టి కాదు, గాడులు అరిగాయి కాబట్టి. గాడి అడుగున 1.6 మి.మీ. ఎత్తున చిన్న గట్లు కనిపిస్తాయి. రబ్బరు వాటి మట్టానికి వచ్చిందంటే ఆ టైరు తీసేయాల్సిందే. నీళ్లు నిలిచిన రోడ్డు మీద వెడల్పు టైరే ముందు తేలుతుంది, అది గుర్తుంచుకో.

విజయనగరం డిజైర్:
నా పాత డిజైర్‌కి 165/80 తీసి 185/70 వేయించాను. మలుపుల్లో బాగుంది. పార్కింగ్ చేసేటప్పుడు స్టీరింగ్ కాస్త బరువు, మైలేజీ కొంచెం తగ్గింది. బిగించాక స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, లోపల ఎక్కడైనా రాసుకుంటోందేమో షాపులోనే చూడండి.

ఖమ్మం స్విఫ్ట్:
చాలా థ్యాంక్స్ అన్నా. ముందు రెండూ మాత్రం 185 వేయించి, వెనక 165 ఉంచేస్తే? స్టెప్నీ కూడా మార్చాలా?

టైర్ షాపు, గుంటూరు:
నాలుగూ ఒకే సైజు ఉండాలి తమ్ముడూ. ముందు కొత్తవి వేసి వెనక అరిగినవి ఉంచితే వానలో బండి వెనక భాగం పక్కకి కొట్టుకుపోతుంది, అది ఇంకా ప్రమాదం. స్టెప్నీ 165 ఉన్నా పర్లేదు, పంక్చర్ షాపు దాకా మెల్లగా వెళ్లొచ్చు. నా బండే అయితే కొత్త 165/80లు నాలుగు వేయించి, అలైన్‌మెంట్ చేయించి, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కర్ మీద రాసినంత గాలి పెట్టిస్తాను.