కిడ్నీ జబ్బుంటే గుండె మందుల పరీక్షల్లో చోటు లేదా?

ప్రశ్న (సోంపేట నుంచి): మా నాన్నగారికి చాలాకాలంగా కిడ్నీ జబ్బు. మా ఉద్దానంలో ఇది ఇంటింటి బాధే. ఇప్పుడు గుండె కూడా బలహీనపడింది. కొత్త మందు పరీక్షలో చేర్చుకోమంటే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె; తగ్గితే కిడ్నీలు బలహీనపడ్డట్టు) 24 అని చూసి తిప్పి పంపారు. అవసరం ఎక్కువున్నవారినే వదిలేస్తే ఎలా?

జవాబు: మీ ఆవేదన న్యాయమైనదండీ. మందువల్ల రక్తంలో పొటాషియం, కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థమైన క్రియాటినిన్ పెరుగుతాయన్న భయంతో అలా చేస్తారు. 2014 నాటి పారడైమ్-హెచ్‌ఎఫ్, 2019 నాటి డాపా-హెచ్‌ఎఫ్ అనే గుండె మందుల పరీక్షలు ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే తక్కువ ఉన్నవారిని తీసుకోలేదు. 2020లో ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మందును పరీక్షించిన ఎంపరర్-రెడ్యూస్డ్ మాత్రం 20 దాకా ఉన్నవారిని తీసుకుంది. అందుకే ఎంపాగ్లిఫ్లోజిన్ గురించి మీ డాక్టరుగారిని తప్పక అడగండి.

మరో జవాబు: డయాలసిస్‌లో ఉన్న మా అమ్మలాంటివారికి ఆ 20 కూడా అందదు. వారికోసం విడిగా పరీక్షలు పెట్టాలి.

ప్రశ్న వేసినవారు: సోమవారమే అడుగుతానండీ. అమ్మగారు ఎలా ఉన్నారు?