‘స్పెల్‌బౌండ్’ (1945) ప్రదర్శన: ఎర్ర మెరుపు కనబడదు, నిడివి తక్కువ, సబ్‌టైటిల్స్ జారిపోతున్నాయి

శనివారం_సినిమా:
మా కాలనీ ఫిల్మ్ క్లబ్‌లో వచ్చే నెల హిచ్‌కాక్ ‘స్పెల్‌బౌండ్’ వేస్తున్నాం. తెర 8 అడుగుల వెడల్పు, 16:9. డీవీడీ నుంచి ల్యాప్‌టాప్, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐతో ప్రొజెక్టర్. చివర్లో తుపాకీ పేలినప్పుడు తెర ఎర్రబడుతుందని అందరూ అంటారు, మా దాంట్లో అంతా నలుపు తెలుపే. డిస్క్ నిడివి 106 నిమిషాలు చూపిస్తోంది, ఎక్కడ చదివినా 111 అని ఉంది. కత్తిరించారా? వేరే చోట దొరికిన తెలుగు సబ్‌టైటిల్స్ మొదట్లో సరిగ్గానే ఉండి, పోనుపోనూ మాటకు దూరమైపోతున్నాయి. సినిమా అయ్యాక అరగంట చర్చ ఉంది, మెడికల్ కాలేజీ పిల్లలు కూడా వస్తారు. మతిమరుపు గురించి ఇందులో చూపించింది ఎంతవరకు నిజమో కూడా చెబితే మేలు.

తెరవెనుక:
ముందు నిడివి సంగతి. కత్తిరించలేదండీ. సినిమా తీసింది సెకనుకు 24 ఫ్రేములతో. పాల్ పద్ధతి (మన దేశంలో, యూరప్‌లో వాడిన టీవీ పద్ధతి) డీవీడీలో అదే సినిమాను 25 ఫ్రేములతో పరిగెత్తిస్తారు. 111ని 24తో గుణించి 25తో భాగించండి, 106న్నర వస్తుంది. బొమ్మ ఒక్కటీ పోలేదు, వేగం 4 శాతం పెరిగిందంతే. గొంతులు కూడా కొద్దిగా పైకెక్కుతాయి, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ గొంతు బాగా తెలిసినవాళ్లు పట్టేస్తారు. 118 నిమిషాల డిస్క్ కనబడితే అది పొడిగించిన సినిమా అనుకోకండి. 1945లో హాళ్లలో సినిమాకు ముందు, తర్వాత వినిపించిన సంగీతం దానికి కలిపారు. ఆ డిస్క్ తెచ్చుకుంటే ఒక జాగ్రత్త: ముందు సంగీతం వస్తున్నంతసేపూ చూడటానికి ఏమీ ఉండదు. చెప్పకపోతే జనం ‘ప్రొజెక్టర్ పోయింది’ అని లేచి వస్తారు. లైట్లు సగం తగ్గించి, ఒక మాట చెప్పి మొదలుపెట్టండి.

సబ్‌టైటిల్స్ జబ్బుకూ మూలం ఇదే. మీవి 24 ఫ్రేముల కాపీకి చేసినవి, మీ డిస్క్ 25ది. అందుకే మొదట్లో తేడా తెలియదు, చివరికొచ్చేసరికి నాలుగున్నర నిమిషాలు వెనకబడతాయి. వీఎల్‌సీ (వీడియో ప్లేయర్)లో జి, హెచ్ మీటలు నొక్కి సరిచేద్దామని చూడకండి. అవి మొత్తాన్ని ఒకేసారి ముందుకో వెనక్కో జరుపుతాయి గానీ సాగదీయవు, కుదించవు. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు మార్చే చోట 23.976 (24 ఫ్రేముల కాపీలు చాలావరకు డిజిటల్‌లో ఈ వేగంతోనే ఉంటాయి) నుంచి 25కి అని ఇస్తే ఒక్క దెబ్బకు కుదురుతుంది. తర్వాత మొదటి మాట, చివరి మాట రెండూ సరిచూసుకోండి. మొదటిది కుదిరి చివరిది ఆరేడు సెకన్లు తప్పితే, ఫైల్ 23.976కి కాకుండా సరిగ్గా 24కి చేసి ఉంటుంది. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టండి, లేకపోతే తెలుగు అంతా ప్రశ్నార్థకాలే. ఒత్తులు విడిపోతుంటే ఫాంట్ నోటో సాన్స్ తెలుగుకు మార్చి చూడండి.

మోనోసౌండ్:
ఎరుపు గురించి. (సినిమా చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి, ముగింపు తెలిసిపోతుంది.) ఆసుపత్రి పెద్ద డాక్టర్ మర్చిసన్ రివాల్వర్‌ను కథానాయిక, మనోవైద్యురాలు కాన్‌స్టన్స్ (బెర్గ్‌మన్) మీద నుంచి మెల్లగా తన వైపు తిప్పుకొని పేలుస్తాడు. అప్పట్లో విడుదల చేసిన ప్రింట్లలో ఆ పేలుడు దగ్గర కొద్ది ఫ్రేములకు ఎరుపు రంగు వేశారు. ఒక్కో ఫ్రేము సెకనులో 24వ వంతు, రెప్ప వేస్తే పోతుంది. తర్వాత పూర్తి నలుపు తెలుపు ఫిల్మ్ మీద తీసిన టీవీ ప్రింట్లలో, 16 ఎంఎం ప్రింట్లలో ఈ రంగు చాలావరకు పోయింది. మీ డిస్క్ అలాంటి ప్రింటు నుంచి చేసిందా, లేక రంగు ఉండి మీ తెర మీదే పోతోందా అన్నది ముందు తేల్చండి. ల్యాప్‌టాప్‌లో ఆ చోట ఆపి, వీఎల్‌సీలో ఇ మీట నొక్కుతూ ఒక్కో ఫ్రేమే ముందుకు వెళ్లండి. అక్కడ ఎరుపు కనబడితే తప్పు ప్రొజెక్టర్‌ది. నలుపు తెలుపు సినిమాలో నీలి ఛాయ వస్తోందని చాలామంది కలర్ సున్నాకు తగ్గిస్తారు, దాంతో ఎరుపూ చచ్చిపోతుంది. ఛాయ పోవాలంటే కలర్ టెంపరేచర్ 6500 దగ్గర పెట్టాలి, కలర్ మాత్రం ముట్టుకోకూడదు.

ఆ షాట్‌లో చేయి, తుపాకీ నిజం సైజువి కావు. దగ్గరున్న తుపాకీ, దూరంగా నడిచే బెర్గ్‌మన్ రెండూ ఒకేసారి ఫోకస్‌లో ఉండాలంటే మామూలు చేత్తో కుదరదు. అందుకని భారీ చేయి, భారీ రివాల్వర్ తయారు చేయించారు. చర్చలో ఇది చెప్పి, ఆ షాట్ ఇంకోసారి వేయండి, కుర్రాళ్లకు బాగా ఎక్కుతుంది.

శనివారం_సినిమా:
ల్యాప్‌టాప్‌లో ఎరుపు ఉంది. తెర మీద కూడా వస్తోంది గానీ ఎరుపు కాదు, నీరసంగా గులాబీ రంగు పొగలా సాగుతోంది. బొమ్మ కూడా అటూ ఇటూ సాగదీసినట్టుంది.

మోనోసౌండ్:
పొగ అంటే ఫ్రేము కలిపే ఆప్షన్ ఆన్‌లో ఉందన్నమాట. మోషన్ స్మూత్ అనో, ఫ్రేమ్ ఇంటర్‌పొలేషన్ అనో మెనూలో ఉంటుంది. అది బూడిద రంగు ఫ్రేముకూ ఎర్ర ఫ్రేముకూ మధ్య తానే కొత్తది పుట్టిస్తుంది, అదే మీ గులాబీ. ఆఫ్ చేయండి. ఆటో ఐరిస్ లేదా డైనమిక్ కాంట్రాస్ట్ కూడా ఆఫ్ చేయండి, లేకపోతే తెల్లటి దృశ్యం రాగానే వెలుగు ఎగిరి దూకుతుంది. ఈ సినిమాలో తెలుపే సగం కథ.

బొమ్మ సాగడానికి కారణం యాస్పెక్ట్, అంటే వెడల్పు ఎత్తుల నిష్పత్తి. ఇది 1.37:1 సినిమా. 8 అడుగుల 16:9 తెర ఎత్తు నాలుగున్నర అడుగులు, అందులో బొమ్మ వెడల్పు సుమారు 6 అడుగుల 2 అంగుళాలే ఉండాలి. రెండు పక్కలా దాదాపు 11 అంగుళాల చొప్పున నలుపు మిగలాలి. ‘ఫుల్’, ‘జూమ్’ వద్దు, ‘నార్మల్’ లేదా ‘ఒరిజినల్’ పెట్టండి. జూమ్ చేస్తే పైనా కిందా తెగుతుంది. భోజనాల బల్ల మీద కాన్‌స్టన్స్ ఫోర్కుతో గీసే గీతలే కథకు తాళంచెవి, అవి అంచుకు పోతే ఇంకేముంది.

సౌండ్ మోనో. సరౌండ్ ఎఫెక్ట్ ఏదున్నా తీసేసి, ఒకే స్పీకర్ తెర కింద మధ్యలో పెట్టండి. మిక్లోష్ రోజా సంగీతానికి ఆస్కార్ వచ్చింది. హీరోకు భయం తన్నుకొచ్చినప్పుడల్లా వినబడే ఆ ఊగే శబ్దం థెరమిన్ అనే ఎలక్ట్రానిక్ వాద్యానిది, వాయించింది శామ్యూల్ హాఫ్‌మన్. స్పీకర్ చిన్నదై ట్రెబుల్ ఎక్కువ పెడితే అది చెవిలో గుచ్చుకుంటుంది. ట్రెబుల్ కొంచెం తగ్గించండి.

మనోవైద్యం_పీజీ:
చర్చ సంగతి నేను చెబుతాను. ఇందులో సరిగ్గా ఉన్నదొకటుంది. గ్రెగరీ పెక్ పాత్రకు తన పేరు, గతం గుర్తులేవు గానీ వైద్యం గుర్తుంది. డిసోసియేటివ్ అమ్నీషియా (మానసిక ఆఘాతంతో వచ్చే మతిమరుపు)లో అచ్చం ఇలాగే ఉంటుంది. సొంత జీవితపు జ్ఞాపకాలు పోతాయి, నేర్చిన పని మిగులుతుంది. ఊరు వదిలి వెళ్లిపోవడాన్ని, కొన్నిసార్లు వేరే మనిషిగా బతకడాన్ని ఫ్యూగ్ అంటారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక జబ్బుల అమెరికన్ వర్గీకరణ పుస్తకం)లో దాన్ని విడి జబ్బుగా తీసేసి ఇందులోనే కలిపారు.

నయమయ్యే తీరు మాత్రం సినిమా తీరే. మంచు మీద స్కీయింగ్ చేస్తూ అంచుకు రాగానే తమ్ముడి చావు గుర్తొచ్చి, క్షణంలో అంతా విడిపోతుంది. దాచుకున్నది బయటపడితే రోగం పోతుందన్న ఈ నమ్మకం బ్రాయర్, ఫ్రాయిడ్ 1895లో వేసిన పుస్తకం నాటిది. నిర్మాత సెల్జ్‌నిక్‌కు మానసిక చికిత్స చేసిన మే రామ్ గారే ఈ సినిమాకు సలహాదారు, పేరు టైటిల్స్‌లోనే కనబడుతుంది. అందుకే సినిమా మనోవిశ్లేషణ పక్షాన అంత గట్టిగా నిలబడుతుంది. ఇప్పుడు చేసేది వేరు. ముందు తలకు దెబ్బ, ఫిట్స్, స్ట్రోక్, షుగర్ పడిపోవడం, మద్యం, మాత్రలు కారణం కావని తేల్చుకుంటారు. తర్వాత మనిషికి భద్రత, నెమ్మదిగా మాటల చికిత్స. చాలాసార్లు జ్ఞాపకం తనంతట తానే వస్తుంది. ‘గుర్తుతెచ్చుకో’ అని ఒత్తిడి పెడితే లేనివి పుట్టుకొస్తాయి. 1995లో లాఫ్టస్, పిక్‌రెల్ చేసిన ప్రయోగంలో 24 మందికి ‘చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారు’ అని జరగని సంగతి చెబితే, సుమారు నాలుగో వంతు మంది ఎంతో కొంత గుర్తుందన్నారు. కల విప్పి హంతకుణ్ని పట్టుకోవడాన్ని ఈ లెక్కతో చూడండి.

ఇంకోటి, పాలగ్లాసు. కాన్‌స్టన్స్ గురువు డాక్టర్ బ్రూలోవ్ పెక్‌కు చెప్పకుండా పాలలో బ్రోమైడ్ కలిపిస్తాడు. ఆ రోజుల్లో అది మామూలు మత్తుమందు. ఒంట్లోంచి సగం పోవడానికే పది పన్నెండు రోజులు పడుతుంది కాబట్టి రోజూ ఇస్తే పేరుకుపోయి, అదే మతిభ్రమ తెప్పిస్తుంది. చెప్పకుండా ఇవ్వడాన్ని మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ముందు పెట్టి అడగండి, మెడికల్ కాలేజీ పిల్లలకు అరగంట చాలదు. కాన్‌స్టన్స్ రోగిని ప్రేమించడం, పోలీసులకు దొరక్కుండా దాచడం సరే సరి.

చర్చలో ఎవరైనా ‘మా ఇంట్లో ఇలా ఉంది’ అంటే అక్కడ రోగం పేరు పెట్టకండి. ఉన్నట్టుండి మరుపు వస్తే ముందు క్యాజువాలిటీకి వెళ్లమనండి. మనసుకు సంబంధించిన సాయానికి టెలిమానస్ నంబర్ 14416, తెలుగులో కూడా మాట్లాడతారు.

శనివారం_సినిమా:
అందరికీ థాంక్స్. ఇంటర్వెల్ ఇవ్వకపోతే మావాళ్లు ఊరుకోరు. ఎక్కడ ఆపమంటారు?

తెరవెనుక:
ఆపకపోవడమే మంచిది, గంటా యాభై నిమిషాలేగా. తప్పదంటే బ్రూలోవ్ ఇంట్లో రాత్రి ఘట్టం దగ్గర. చేతిలో క్షౌరం కత్తితో దిగివచ్చిన పెక్ పాలు తాగుతుంటే కెమెరా గ్లాసులోంచి చూస్తుంది, తెర మొత్తం తెల్లబడుతుంది. అక్కడ పాజ్ కాదు, స్టాప్ చేసి నలుపు పెట్టండి. పాజ్‌లో ఆ తెలుపు పది నిమిషాలు అలాగే మెరుస్తుంటే కళ్లు జిగేలుమంటాయి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఒక నిమిషం వెనక్కి వెళ్లండి. ఆ తర్వాత కాసేపటికే చిత్రకారుడు సాల్వడార్ డాలీ రూపకల్పన చేసిన కల వస్తుంది. టీ కప్పులు పట్టుకొని ఆలస్యంగా వచ్చేవాళ్లు పోగొట్టుకునేది దాన్నే. తలుపు దగ్గర ఒకరిని నిలబెట్టండి.