కాన్ఫరెన్స్ ముగిసిన మర్నాడు స్కాట్లండ్ కొండల్లోకి: కారా, రైలా?

కొండాపూర్ వాసి

నవంబరు మూడో వారంలో మా కంపెనీ తరఫున గ్లాస్గోలో ఒక కాన్ఫరెన్స్‌కు వెళ్తున్నాం. నేను, మరో ఇద్దరు సహోద్యోగులు. గురువారం సాయంత్రంతో సమావేశాలు అయిపోతాయి. తిరుగు విమానం సోమవారం. మధ్యలో మూడు రోజులు మా చేతిలో ఉన్నాయి.

శుక్రవారం పొద్దున్నే కారు అద్దెకు తీసుకుని లోమండ్ సరస్సు, గ్లెన్‌కో లోయ, ఫోర్ట్ విలియం ఊరి మీదుగా స్కై దీవికి వెళ్లి, ఆదివారం రాత్రికి గ్లాస్గో చేరాలన్నది మా జట్టులో ఒకరి ప్రణాళిక. నాకు, ఇంకొకరికి లైసెన్సు ఉంది. తొమ్మిదేళ్లుగా హైదరాబాద్‌లో నడుపుతున్నాను. శ్రీశైలం ఘాట్ రోడ్డులో కూడా రెండుసార్లు నడిపాను. ఇంట్లో మాత్రం మా మామగారు ససేమిరా అంటున్నారు. రైల్లో వెళ్లండి, లేదా పని చూసుకుని వచ్చేయండి అంటారు. ఆయన మాట తీసిపారేయాలని లేదు, ఇంత దూరం వెళ్లి హోటలు గది చూసి రావాలనీ లేదు. తెలిసినవారు నిజాయితీగా చెప్పండి.

గ్లాస్గోలో ఆరేళ్లు

కారు తీసుకోండి. నేను రామంతాపూర్‌లో పెరిగినవాడినే. ఇక్కడికి వచ్చిన కొత్తలో మన లైసెన్సుతోనే నడిపాను. సందర్శకులు బ్రిటన్‌లో 12 నెలల వరకు భారతీయ లైసెన్సుతో కారు నడపవచ్చు. చట్టం ప్రకారం అంతర్జాతీయ పర్మిట్ అవసరం లేదు. కానీ కొన్ని అద్దె సంస్థలు అడుగుతాయి కాబట్టి బయలుదేరే ముందే మీ ఆర్టీఏ కార్యాలయంలో తీసుకుని ఉంచుకోండి. ఏడాది పాటు చెల్లుతుంది.

అమెరికాలోలాగా కుడివైపు నడపాల్సిన బాధ కూడా లేదు. మనలాగే ఎడమవైపు ప్రయాణం, కుడివైపు స్టీరింగ్. గేరు బండి అలవాటు లేకపోతే ఆటోమేటిక్ కావాలని బుకింగ్ అప్పుడే చెప్పండి.

ఇక అసలు మాట. రైలు గ్లెన్‌కో లోయలోకి వెళ్లదు. గ్లెన్‌కో చూడకుండా ఆ కొండలు చూశామని చెప్పుకోవడం నాకు నచ్చదు. రోడ్డు ఒక మలుపు తిరగగానే రెండు వైపులా నల్లటి కొండలు మీదికి వచ్చినట్టు నిలబడతాయి. పై నుంచి కిందికి తెల్లటి నీటి చారలు. అక్కడ బండి ఆపి దిగాలి. గాలి చెవుల్లో హోరెత్తాలి. కిటికీ అద్దంలోంచి అది దొరకదు.

నాచారం నాన్న

అమ్మా, నేను మీ మామగారి పక్షం. మా అమ్మాయి రెండేళ్లు ఇంగ్లండులో చదివింది. 2022 ఆగస్టులో స్కాట్లండ్‌లో కాసిల్ స్టాకర్ అనే కోట దగ్గర ఏ828 రోడ్డు మీద జరిగిన ప్రమాదంలో భారతీయ యువకులు ముగ్గురు చనిపోయారు. వాళ్లూ సెలవుల్లో సరదాగా తిరగడానికి వెళ్లినవాళ్లే. ఆ వార్త వచ్చిన రోజు మా అమ్మాయి ఫోను ఎత్తేవరకు నాకూ మా ఆవిడకూ కాళ్లూ చేతులూ ఆడలేదు. మీకు నడపడం రాదని నేను అనడం లేదు. ఆ రోడ్డు మీకు తెలియదు, మీరు ఆ రోడ్డుకు తెలియదు. పని మీద వెళ్లినవాళ్లు పని చూసుకుని క్షేమంగా రావాలి. దేశం చూడాలంటే రైలు ఉంది కదా.

సైనిక్‌పురి

నాన్నగారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఒక్క ప్రమాదాన్ని పట్టుకుని ఎవరూ ఆ దారిలో నడపకూడదంటే, మన విజయవాడ రహదారి మీద రేపటి నుంచి ఎవరూ బండి తీయకూడదు. ఆవిడ తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న డ్రైవరు. ఆఫీసు పనికి ఖండాలు దాటి వెళ్లే మనిషికి కారు నడిపే విషయంలో మాత్రం ఇంటి అనుమతి కావాలా? మగవాడు ఇదే ప్రశ్న అడిగితే ఇన్ని జాగ్రత్తలు చెప్తారా? ఈ మాట నేను కోపంతోనే అంటున్నాను.

నాచారం నాన్న

మా అబ్బాయి అడిగినా ఇదే చెప్తానమ్మా. మగా ఆడా కాదు. చీకటీ వానా అందరికీ ఒకటే.

రైలుబండి

నాన్నగారు చీకటి అన్నారు, కానీ లెక్క చెప్పలేదు. నేను చెప్తాను.

నవంబరు మూడో వారంలో గ్లాస్గోలో ఉదయం 8 దాటితే గానీ తెల్లవారదు. సాయంత్రం 4 గంటలకు సూర్యుడు అస్తమిస్తాడు. అంటే మీకు దొరికే వెలుతురు రోజుకు 8 గంటలే. గ్లాస్గో నుంచి ఫోర్ట్ విలియం దాదాపు 175 కిలోమీటర్లు. మన ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) ఒక చుట్టు 158. కాగితం మీద రెండూ ఒకటిలాగే కనిపిస్తాయి. కానీ ఓఆర్‌ఆర్ ఎనిమిది వరుసల దారి. అక్కడ టార్బెట్ అనే ఊరు దాటాక లోమండ్ సరస్సు పక్కన రోడ్డు ఒకవైపు బండరాయి, మరోవైపు నీరుగా ఇరుకై మెలికలు తిరుగుతుంది. ఎదురుగా లారీ వస్తే ఊపిరి బిగబట్టాల్సిందే. ఆగకుండా వెళ్లినా రెండున్నర గంటలకు పైనే. స్కై దీవిలోని పోర్ట్రీ వరకు అయితే దాదాపు 350 కిలోమీటర్లు, ఐదు గంటల పైమాట. మధ్యలో దిగి చూసేది ఎప్పుడు, వెలుతురుండగా చేరేది ఎప్పుడు?

శ్రీశైలం దారిలో రాత్రి 9 దాటితే మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఆపేస్తారు కదా. స్కాట్లండ్‌లో అలా ఆపే గేటు ఉండదు. సాయంత్రం 4 గంటలకు మీకు మీరే గేటు వేసుకోవాలి.

ఇక రైలు గురించి. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్‌లో ఎక్కితే ఫోర్ట్ విలియంకు మూడు గంటల ముప్పావు. 1894లో వేసిన దారి అది. మధ్యలో రానక్ మూర్ అనే విశాలమైన చిత్తడి నేల వస్తుంది. గట్టి నేల దొరకక, చెట్ల కొమ్మలు, వేళ్లు, మట్టి, బూడిద మోపులుగా పరిచి, వాటి మీద పట్టాలు వేశారు. నేటికీ రైలు ఆ పరుపు మీదనే నడుస్తోంది. అక్కడే కొరౌర్ అనే స్టేషన్ ఉంది, 408 మీటర్ల ఎత్తున. ఆ స్టేషన్‌కు పబ్లిక్ రోడ్డే లేదు. గ్లాస్గో సోదరుడు గ్లెన్‌కోకు రైలు వెళ్లదని అన్నారు, నిజమే. కొరౌర్‌కు మీ అద్దె కారు వెళ్లదు. అది కూడా నిజమే.

నేను ఆ రైల్లో నవంబరులోనే వెళ్లాను. కిటికీ పక్కన కూర్చుంటే ఎర్రటి గడ్డి, నల్లటి నీటి గుంటలు, దూరంగా తలెత్తి మా వైపే చూస్తున్న జింకల మంద. అరగంట సేపు పెట్టెలో ఎవరూ మాట్లాడలేదు. స్టీరింగ్ పట్టుకున్న మనిషికి ఇది దక్కదు. ముగ్గురు వెళ్తే ఇద్దరే చూస్తారు, మూడోవారు రోడ్డు చూస్తారు.

ఉప్పల్ చౌరస్తా

నేను అక్కడ నడిపాను కాబట్టి ఒక సంగతి చెప్పాలి. ఎడమవైపు నడపడం మనకు అలవాటే అన్న ధీమాయే నన్ను దెబ్బ తీయబోయింది.

మన దగ్గర హెడ్‌లైట్లు కొట్టామంటే అర్థం ఏమిటి? నేను వస్తున్నాను, నువ్వు ఆగు. అక్కడ అదే లైటును ఎక్కువమంది తిరగేసి అర్థం చేసుకుంటారు. నేను ఆగాను, నువ్వు రా. గ్లెన్‌కో దాటాక పక్క రోడ్డులోంచి ఒక తెల్లకారు ముక్కు బయటికి పెట్టి నిలబడింది. నేను ఇక్కడి అలవాటు కొద్దీ లైట్లు కొట్టాను. ఆయన చెయ్యి ఊపి, కృతజ్ఞత చెప్పి మరీ నా ముందుకు వచ్చేశాడు. తడి రోడ్డు. బ్రేకు తొక్కితే బండి వణికి, జారి, ఆయన వెనక బంపరుకు మూరెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో మా పాప ఒడిలో ఉన్న నీళ్ల సీసా ముందు అద్దానికి తగిలింది. తప్పు పూర్తిగా నాదే. ఆ మూడు రోజుల్లో మళ్లీ ఆ మీట ముట్టుకోలేదు.

ఒకే బండి పట్టే సన్నని రోడ్లు కూడా ఉంటాయి. ఎదురుబండికి దారి ఇవ్వడానికి అక్కడక్కడ కాస్త వెడల్పు చేసి బోర్డు పెడతారు. ఆ చోటు మీ ఎడమవైపు ఉంటే అందులోకి వెళ్లి ఆగాలి. కుడివైపు ఉంటే దానికి ఎదురుగా మన వైపే ఆగాలి, ఎదుటివారు అందులోకి తిరుగుతారు. కుడివైపుకు దూరితే గందరగోళం. ఇవన్నీ నేర్చుకోలేనివి కావు. కానీ నేర్చుకోవడానికి ఒక పగలు కావాలి. కాన్ఫరెన్స్ మర్నాడు 350 కిలోమీటర్ల ప్రయాణం అందుకు తగిన సమయం కాదు.

తార్నాక

ఎవరూ ప్రస్తావించని రెండు విషయాలు. ఆఫీసు ప్రయాణ బీమా సాధారణంగా ఆఫీసు పని తేదీలకే వర్తిస్తుంది. శుక్రవారం నుంచి మీకు మీరే. మీ సంస్థలో రాతపూర్వకంగా అడిగి, లేదంటే ఆ రోజులకు సొంత బీమా తీసుకోండి. అద్దె కారు బీమాలో మీ జేబు నుంచి ఎంత వరకు కట్టాలో అది కూడా చదవండి.

రెండోది, గురువారం రాత్రి విందు. స్కాట్లండ్‌లో 2014 డిసెంబరు నుంచి మద్యం పరిమితి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములు. ఇంగ్లండులో అది 80. రాత్రి తాగింది తెల్లారేసరికి దిగిపోయిందని అనుకోకూడదు. శుక్రవారం నడిపేవారు గురువారం గ్లాసు పట్టకూడదు.

గ్లాస్గోలో ఆరేళ్లు

స్కై విషయంలో నేను వెనక్కి తగ్గుతాను. జూన్‌లో రాత్రి 10 దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి మాకు అది అలవాటైపోయింది, నవంబరని ఆలోచించలేదు. గ్లెన్‌కో మాత్రం వదలను. ఫోర్ట్ విలియం నుంచి గ్లెన్‌కో ఊరు 26 కిలోమీటర్లే. అటు పడమరగా గ్లెన్‌ఫినన్ వంతెన కూడా అంతే దూరం, 21 కమానులతో ఉంటుంది. ఫోర్ట్ విలియంలోనే చిన్న అద్దె సంస్థలు ఉన్నాయి. ముందుగా ఫోన్ చేసి మాట్లాడుకోండి, శీతాకాలంలో వారాంతాల్లో వేళలు మారుతుంటాయి.

సైనిక్‌పురి

ఇదైతే నాకూ సమ్మతమే. భయపడి మానుకోవడం వేరు, దూరం తగ్గించుకోవడం వేరు.

కొండాపూర్ వాసి

అందరికీ ధన్యవాదాలు. మా ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. స్కై తీసేశాం. సహోద్యోగికి ఇంకా కొంచెం అసంతృప్తి ఉంది, ఉండనివ్వండి. శుక్రవారం ఉదయం రైలు. శనివారం ఒక్కరోజు ఫోర్ట్ విలియంలో కారు, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు, గ్లెన్‌కో, గ్లెన్‌ఫినన్. ఆదివారం రైల్లో వెనక్కి. మామగారికి ఉప్పల్ చౌరస్తా గారి లైట్ల సంగతి చదివి వినిపించాను. శనివారం సంగతి విని కాసేపు మౌనంగా ఉండి, సరే, ఎవరు నడుపుతున్నారో ఆ పూట చెప్పు అన్నారు.

రైలుబండి గారూ, ఏ వైపు కిటికీ తీసుకోవాలి?

రైలుబండి

వెళ్లేటప్పుడు అర్రోచర్ స్టేషన్ వరకు ఎడమవైపు, సముద్రపు పాయలు కనిపిస్తాయి. అక్కడి నుంచి ఆర్డ్లూయి వరకు లోమండ్ సరస్సు కుడివైపు. ఇంకో ముఖ్యమైన సంగతి. చాలా సర్వీసులు క్రియన్‌లారిచ్ స్టేషన్‌లో రెండుగా విడిపోతాయి, ఒక భాగం ఓబన్‌కు పోతుంది. గ్లాస్గోలో ఎక్కేటప్పుడే ఫోర్ట్ విలియం పెట్టెలు ఏవో సిబ్బందిని అడిగి ఎక్కండి. ఆదివారం రైళ్లు తక్కువ, తిరుగు టికెట్ ఇప్పుడే చూసుకోండి.